చెక్క విమానానికి విచారణ

వైమానిక శాఖ తన తొలినాటి జెట్ యుద్ధవిమానాలకు ఘనంగా వీడ్కోలు పలికింది. వాటిలో సగానికి పైగా ఎవరి వీడ్కోలుకూ ఆగకుండా ముందే నేలకు చేరడంతో, మిగిలినవాటిని సన్మానించడం పెద్ద భారమేమీ కాలేదు. కూలినవాటితో పాటు పోయిన పైలట్ల భార్యలకు తలా ఒక చెక్క నమూనా బహూకరించాలని కూడా తీర్మానించారు. అసలైన టేకు, చేత్తో చెక్కినది, ఇత్తడి పీఠం, ముక్కు దగ్గర గాలి పీల్చే గుండ్రని నోరు, తోక మీద కూలిన విమానం నంబరుతో సహా.

లెక్కల టీచరమ్మకు ఆ నంబరు కంఠతా వచ్చు. భర్త అందులోనే పోయాడు. ఎందుకు కూలిందని ఆమె కాళ్లకు బలపాలు కట్టుకుని ఏళ్ల తరబడి తిరిగింది. ఆమె ఓర్పును శాఖ ప్రతిసారీ మెచ్చుకుంది.

ఆహ్వానించడానికి వచ్చిన అధికారిని అత్తగారు ఒక్కటే అడిగింది.

“ఇది ఎగరదు కదా నాయనా?”

“ఎగరదమ్మా.”

“అయితే కోడల్ని పంపిస్తాను.”

సభలో పెద్ద అధికారి గొంతు సవరించుకున్నాడు. “ఈ విమానం మనకు ఏనాడూ ద్రోహం చేయలేదు. మనలో కొందరే దాని స్థాయిని అందుకోలేకపోయారు!” హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఆ ఊపులో ఆయన నమూనాను రెక్క పట్టుకుని కెమెరాల కోసం పైకెత్తాడు. రెక్క ఆయన చేతిలోనే ఉండిపోయింది. మిగతా విమానం ముక్కు కిందికి పెట్టి వేదిక మీద వాలింది. టీచరమ్మ అప్పటికింకా మెట్లెక్కుతూనే ఉంది.

శాఖ ఆ సాయంత్రమే నిపుణుల సంఘం వేసింది. ముక్కలను దూదిలో చుట్టారు. జిగురును పరీక్షకు పంపారు. వారం తిరక్కుండానే, ఆహ్వానించడానికి వచ్చిన అధికారే కొత్త నమూనా పట్టుకుని టీచరమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. వెనక వీధి వీధంతా చేరింది.

“నమూనాలో ఏ లోపమూ లేదని తేలిందమ్మా. జిగురు భేషుగ్గా ఉంది, ఇచ్చిన చెయ్యి భేషుగ్గా ఉంది. అందుకోవాల్సిన మీ చెయ్యే వేళకి రాలేదు.”

టీచరమ్మ ఆయన ముఖంలోకి చూసింది. “చెక్కది వారంలో తేల్చారు. మరి మా ఆయనది?”

“అదెప్పుడో తేలిపోయింది కదమ్మా,” అన్నాడాయన, ఈ మాత్రం తెలియదా అన్నట్టు. “ఆయన చెయ్యీ అంతే.”

ఇన్నేళ్ల ప్రశ్నకు జవాబు గుమ్మంలో నిలబడి దొరికింది. టీచరమ్మ నమూనాను అందుకోలేదు.

“తీసుకెళ్లండి. మా ఇంట్లో చేతులేవీ మీ విమానాలకి పనికిరావు.”

తలుపు వేసి గోడకు ఆనుకుంది. అత్తగారు వచ్చి ఆమె రెండు చేతులనూ తన చేతుల్లోకి తీసుకుంది.

బయట మాటలకేం కొదవ లేదు. “ఎంత పొగరు! బంగారంలాంటి టేకు!” అని పక్కింటావిడ నొచ్చుకుంది. “ఇంటికొచ్చిన పెద్దమనిషినా అలా అనేది?” అన్నాడు ఎదురింటాయన. టీచరమ్మ తిరిగినన్నాళ్లూ నోరు మెదపని వీధి, ఆ పూట ఒక్క గొంతుతో శాఖ పక్షాన నిలబడింది. అధికారికి కుర్చీ వేసి, టీ ఇచ్చి, విమానంతో వరసగా ఫోటోలు దిగింది. ఎవరికి వారు రెండు చేతులా భద్రంగా పట్టుకున్నారు. ఒక్కరి చెయ్యీ వణకలేదు.