చీపురు చప్పుడుకు అనుమతి

లోకంలో ప్రతి వస్తువుకూ ఒక శాఖ, ప్రతి శాఖకూ ఒక దరఖాస్తు ఏర్పడ్డాక కూడా నిశ్శబ్దం మాత్రం ఎవరి అదుపూ లేకుండా, ఎక్కడ పడితే అక్కడ, ఏ రుసుమూ కట్టకుండా తిరుగుతూ ఉండేది. నాగరిక సమాజానికి ఇది తగదని గుర్తించిన ఘనత విశ్రాంతి సాధికార మండలికి దక్కుతుంది. పాడుబడ్డ పాత మఠాన్ని బాగుచేసి అతిథుల ప్రశాంత విడిదిగా మార్చాలని మండలి తీర్మానించింది. (తీర్మానం జరిగిన రోజు ఎవరి మాట ఎవరికీ వినిపించలేదట.)

ఆ విడిదిలో నేను సహాయ ప్రశాంతతాధికారిని. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసినవాళ్లలో నేనే మొదటివాణ్ణి కాబట్టి ఈ హోదాను అందరూ గౌరవించారు. ఏం పనిరా అని అమ్మ అడిగితే, ఎవరూ మాట్లాడకుండా చూడటం అన్నాను. దానికి ఇంత చదువెందుకు, మీ మేనత్తను రానివ్వకపోతే సరిపోయేది కదా అంది.

మా ఇల్లు మఠం వెనక గోడకు ఆనుకునే ఉంటుంది. మఠంలో అప్పటికి మిగిలింది ఒక్క ముసలి సన్యాసి. వీధంతా ఆయన్ని పెద్దాయన అనే పిలిచేది. ఆయన తెల్లవారకముందే లేచి ముంగిట్లో రాలిన ఆకులు ఊడ్చేవారు. కాసేపు చీపురు చప్పుడు, మధ్యలో ఒక దగ్గు, మళ్లీ చీపురు. అమ్మ ఆ చప్పుడుకే లేచి, వంట ముగించి, బట్టల మిల్లులో డ్యూటీకి వెళ్లేది. మా ఇంట్లో అలారం ఎప్పుడూ కొనలేదు.

బాగుచేత గోడలతో మొదలైంది. ఇంజనీరు పగుళ్లన్నీ పూడ్చి సున్నం కొట్టించాడు. ఆ తర్వాత వచ్చిన వారసత్వ నిపుణుడు అసలు అందమంతా పగుళ్లలోనే ఉందని, అవి ఏమయ్యాయని నిలదీశాడు. దాంతో ఒక చిత్రకారుణ్ణి పిలిపించి, పాత ఫొటోలు ముందు పెట్టి, పగుళ్లను ఎక్కడివక్కడ గీయించాం. ఆపైన నడవాల్లో మైకులు బిగించారు. ‘దయచేసి నిశ్శబ్దం పాటించండి’ అని అవి గంటగంటకూ గుర్తుచేస్తాయి. కరెంటు పోయినప్పుడు నిశ్శబ్దానికి అంతరాయం కలగకుండా పెద్ద జనరేటరు ఒకటి పెట్టారు. గదుల్లో మెత్తటి పరుపులు వేయించాక, అతిథులు కోరుకునేది సన్యాసుల కటిక జీవితమని సర్వేలో తేలింది. అందుకని పరుపు తీసేయడానికి అదనపు రుసుము విధించారు. ముందు నిండేవి ఆ గదులే.

అన్నీ కుదిరాక ఎటూ కుదరనిది పెద్దాయన ఒక్కరే. విడిది యాప్‌లో ప్రతి గదికీ ఎదురుగా లోపల ఉన్నదేమిటో చెప్పాలి: అతిథి, సిబ్బంది, వస్తువు. నెలాఖరులోగా ఏదీ చెప్పకపోతే ఆ గది ఖాళీ కింద లెక్క. యాప్ దాన్ని తనంతట తానే అద్దెకు ఇచ్చేస్తుంది. సంగతి ఇంట్లో చెప్పాను.

“చదువుకున్నవాడివి కదరా, ఆయనకి ఆ గది పోకుండా చూడు. ఇంకేమీ అడగను నిన్ను,” అంది అమ్మ.

శ్రద్ధగా చూశాను. మొదట అతిథి కింద వేయబోతే యాప్ తిరుగు ప్రయాణం తేదీ అడిగింది. వెళ్లి పెద్దాయననే అడిగాను, ఎప్పుడు వెళ్తారండీ అని. ఆయన నవ్వారు.

“అది నన్నడిగితే ఎలా నాయనా? నేనూ ఎదురుచూస్తున్నా,” అన్నారు.

సిబ్బంది కింద వేస్తే వయసు ఒప్పుకోలేదు. జీతం వద్దనే మనిషిని యాప్ అసలే నమ్మలేదు. మా సంచాలకులవారికి విన్నవించుకుంటే, “ఏదో ఒక గడిలో కూర్చోబెట్టవయ్యా, మనిషన్నాక ఎక్కడో ఒకచోట పట్టకపోడు,” అన్నారు. అలా పెద్దాయనను వస్తువుల జాబితాలో రాతి తొట్టికీ కంచు గంటకూ మధ్య చేర్చాను. రకం: వారసత్వ వస్తువు. స్వభావం: కదిలేది. స్థితి: మరమ్మతు అవసరం. గది నిలబడింది. ఆ పూట అమ్మ నాకు కొసరి కొసరి వడ్డించింది.

విడిది తెరుచుకున్న వారంలోనే పెద్దాయన చీపురు చప్పుడు అతిథుల మనసు దోచింది. కాకపోతే వాళ్లకు అది మరీ పెందలాడే వినిపిస్తోంది. మండలి ఒక ధ్వని నిపుణుణ్ణి పంపింది. ఆయన ఆ చప్పుడు రికార్డు చేసి, దగ్గులన్నీ కత్తిరించేసి, ‘మఠంలో వేకువ’ అని పేరుపెట్టి, అతిథులు లేచే వేళకు, అంటే బాగా ఎండెక్కాక, మైకుల్లో వచ్చేలా అమర్చాడు. ఇక అసలు చప్పుడు అదనమైపోయింది. పైగా వారసత్వ వస్తువులను వాడుకలో పెట్టరాదని నిబంధన ఉండనే ఉంది. ఆ మాట చెప్పడానికి సంచాలకులవారు స్వయంగా ముంగిట్లోకి వచ్చారు.

“పెద్దాయనా, మీరింక ఊడవకూడదు.”

“ఊడిస్తే ఏమవుతుంది బాబూ?”

“అరిగిపోతారు.”

పెద్దాయన తన అరచేతులు చూసుకున్నారు. “అది ఎప్పుడో అయిపోయింది. మరి ఈ ఆకులో?”

“ఆకులు వేరే శాఖ.”

వేరే శాఖ కాబట్టి ఆకులు పడ్డచోటే పడి ఉన్నాయి. చీపురును అద్దాల పెట్టెలో పెట్టి, పైన చిన్న దీపం అమర్చారు. పెద్దాయన రోజంతా తన గది గుమ్మంలో కూర్చునేవారు, చేతులు ఏం చేసుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకుని. ఆయన ధ్యానం చూసి అతిథులు ఎంతో ఊరట పొందేవారు.

మా వీధిలో మాత్రం అందరికీ ఆలస్యం మొదలైంది. మిల్లులో మాట పడివచ్చిన రోజున అమ్మ అడిగింది, ఆయన ఎండెక్కాక ఊడుస్తున్నారేమిటని, దగ్గు కూడా వినిపించడం లేదు, ఒంట్లో బాగుందా అని. దగ్గు పోయిందమ్మా అని చెప్పాను. (రికార్డు ప్రకారం అది నిజమే.)

ఆ తర్వాత ఒక పొద్దున పెద్దాయన చిన్న సంచి భుజాన వేసుకుని గేటు దగ్గరికి వచ్చారు. కదిలే వస్తువు గేటు దాటాలంటే పాసు కావాలని కాపలాదారు ఆపి నన్ను పిలిపించాడు. ఎక్కడికండీ అని అడిగాను.

“ఊడవనిచ్చే చోటికి. ఎక్కడో ఒకచోట చెత్త ఉండకపోదు కదా నాయనా,” అన్నారు.

పాసులో అలాంటి కారణం లేదు. ఉన్నవాటిలో ఆయనకు నప్పేది ఒక్కటే. ‘మరమ్మతుకు పంపడమైనది’ అని రాసి సంతకం చేశాను. పెద్దాయన నా భుజం తట్టి వెళ్లిపోయారు.

అమ్మకు చెప్పక తప్పలేదు. గది ఎక్కడికీ పోలేదమ్మా అన్నాను. (నిజంగానే పోలేదు. ‘సన్యాసి గది’ పేరుతో అన్నిటికన్నా ఎక్కువ అద్దె తెస్తోంది.)

“గది చూడమన్నాను. గదే చూశావు,” అంది అమ్మ.

ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేసింది. కంచం పెట్టేది, కంచం తీసేది. అలా ఏ మైకులూ లేకుండానే మా ఇంట్లో కూడా ప్రశాంత విడిది అమల్లోకి వచ్చింది.

ఇంతలో అతిథుల నుంచి ఫిర్యాదులు. ‘మఠంలో వేకువ’ మరీ నున్నగా ఉందని, అందులో మనిషి జాడ లేదని. మండలి వెంటనే మనిషి జాడను మంజూరు చేసింది. కత్తిరించిన దగ్గులు ఏమయ్యాయని వెతికిస్తే చెరిపేశారని తెలిసింది.

“నీ ఇల్లు గోడ పక్కనే కదటయ్యా, ఆ దగ్గు నీకు బాగా గుర్తుండే ఉంటుంది,” అన్నారు సంచాలకులవారు.

గుర్తుంది. రికార్డు చేసే అద్దాల గదిలో నిలబడి దగ్గాను. ధ్వని నిపుణుడు ఆపి, ఇంకాస్త వైరాగ్యంతో దగ్గమన్నాడు. మళ్లీ దగ్గాను. మా చదువుల్లో ఇది లేదు కానీ, చదువుకున్నవాణ్ణి కాబట్టి తొందరగానే పట్టుబడింది. అది మైకుల్లో వచ్చిన మొదటి రోజే అతిథులు మెచ్చుకున్నారు.

ఆ సాయంత్రం అమ్మ గుమ్మంలోనే ఎదురైంది. చాలా రోజుల తర్వాత నవ్వు మొహంతో ఉంది.

“పెద్దాయన వచ్చేశారు కదరా! ఇవాళ నాకు సెలవు. ఎండెక్కాకే ఊడ్చారనుకో. ఇన్నాళ్లూ వేరెవరో ఊడుస్తున్నారనుకున్నాను, ఇవాళ ఆ దగ్గు విన్నాను. పాపం, మనిషి బాగా నీరసించారు, గొంతులోనే తెలిసిపోతోంది. ఇదిగో, రేపు వెళ్లేటప్పుడు ఈ డబ్బా ఆయనకివ్వు.”

నిశ్శబ్దం పాటించడం నా ఉద్యోగధర్మం. డబ్బా అందుకున్నాను.