ఎక్కిన నీళ్ళు, దిగిన నీళ్ళు

శనివారం లోపల చేయవలసినవి: మంచుకు కన్నం పెట్టే బర్మాకు సాన పట్టాలి. సరస్సు మీది చేపల గుడిసెకు తలుపు బిగించాలి. గాలాల తుప్పు వదిలించాలి. ఉన్ని మేజోళ్ళలో రెండోది వెతకాలి. ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నెస్ సర్వీసు చేయించాలి.

మొదటి నాలుగూ వెర్నర్ కోస్కెలా రాసుకున్నవి. ఐదోది అతని భార్య సైమి ఎర్రసిరాతో చేర్చింది.

ఉత్తర మిషిగన్‌లోని ఆ ఊళ్ళో సరస్సు మంచుగడ్డై గట్టిపడ్డాక వచ్చే మొదటి శనివారం గాలం వేయని మనిషిని చలికాలమంతా జాలిగా చూస్తారు. మెకానిక్కేమో శనివారం తప్ప ఖాళీ లేదన్నాడు. పైగా ఆ రోజే సైమి కుట్టు సంఘం ఈ ఇంట్లోనే కూడుతుంది. ఆమె వాళ్ళకు కాఫీలు పోస్తుంటే మెకానిక్ దగ్గర ఇంకొకరు ఉండి తీరాలి.

"మెకానిక్ ఎందుకు? నేను లేనూ?" అన్నాడు వెర్నర్.

"ఉన్నావు. అదే నా భయం."

"ఓస్! గ్యాస్ ఒత్తిడి చూడటమేగా! గొట్టంలో నీళ్ళు పోసి చూస్తారు. బ్రహ్మవిద్యా?"

"నీ వల్ల కాకపోతే?"

"ఫర్నెస్‌ని ఎవరు దారికి తెస్తే వాళ్ళే శనివారం సరస్సుకి. రెండోవాళ్ళు కుట్టు సంఘానికి కాఫీ పొయ్యాలి. సరేనా?"

"సరే," అంది సైమి వెంటనే. అంత తొందరగా ఒప్పుకుందేమిటని అతనికి అనుమానం రావలసింది. వచ్చే మనిషైతే ఈ కథే లేదు.

గురువారం పొద్దున్నే వెర్నర్ బేస్‌మెంట్‌లోకి దిగాడు. పెళ్ళికొడుకులా దిగాడు. పారదర్శకమైన గొట్టాన్ని గుర్రపునాడాలా వంచి చెక్కకు బిగించి, సగం దాకా నీళ్ళు పోశాడు. నీళ్ళు బాగా కనబడాలని కాస్త బీట్‌రూట్ రసం కూడా కలిపాడు. గ్యాస్ కట్టేసి, వాల్వ్ మీది చిన్న బిరడా తీసి, గొట్టం ఒక కొస అక్కడ తగిలించాడు. మళ్ళీ గ్యాస్ తిప్పి ఫర్నెస్ వెలిగించాడు.

ఒకవైపు ఎర్రనీళ్ళు దిగాయి, రెండోవైపు ఎక్కాయి. ఎక్కినవైపు స్కేలు పెట్టాడు. ఒకటీ ముప్పావు అంగుళం. ఫర్నెస్ తలుపు మీద మూడున్నర ఉండాలని అచ్చేసి ఉంది.

"సైమీ! ఇన్నాళ్ళూ సగం గ్యాసే వస్తోంది! ఆ మెకానిక్ మనల్ని చలిలో ఊరబెట్టాడు!"

వాల్వ్ మీద గ్యాస్ పెంచే మర తిప్పాడు. నీళ్ళు ఎక్కాయి. సరిగ్గా మూడున్నర! లోపల నీలిమంట కాస్తా జూలు విదిల్చిన సింహమైంది. నాలుగు నిమిషాలకు ఫర్నెస్ టప్పున ఆరిపోయింది. మళ్ళీ వెలిగించాడు. మళ్ళీ టప్పు.

"అలిగిందా?" సైమి మెట్లు దిగి వచ్చింది, కుట్టు టేపు మెడలో వేసుకుని.

"అలవాటు లేని తిండి కదా, అరాయించుకుంటోంది."

"రెండోవైపు నీళ్ళు ఎంత దిగాయి?"

"దిగినవాటితో మనకేం పని? ఎక్కిందే లెక్క!"

"రెండువైపులా నీళ్ళ మధ్య తేడా కొలవాలి, మహానుభావా! అటు మూడున్నర దిగింది, ఇటు మూడున్నర ఎక్కింది. ఏడు! రెట్టింపు గ్యాస్ పోశావు. అది వేడెక్కి తనంతట తనే ఆరిపోయింది కాబట్టి మనం ఇంకా మాట్లాడుకుంటున్నాం."

వెర్నర్ స్కేలు జేబులో పెట్టుకున్నాడు.

"నీకెవరు చెప్పారు?" అన్నాడు.

"ఇరవై రెండేళ్ళుగా ఏటేటా మెకానిక్‌కి టార్చి పట్టింది ఎవరనుకున్నావు? నువ్వు సరస్సు మీద ఉండేవాడివి."

ఆమె ఫర్నెస్ వెలిగించి, మరను వెనక్కి తిప్పుతూ టేపుతో రెండువైపులా కొలిచింది. మూడున్నర. మంట నీలంగా, బుద్ధిగా కూర్చుంది. తర్వాత గ్యాస్ కట్టేసి, గొట్టం తీసి బిరడా బిగించింది. మళ్ళీ వెలిగించి, సబ్బునీళ్ళు రాసి బుడగలు రావడం లేదని చూసుకుంది.

"సైమీ, నీకు చేపలు పట్టడం రాదు కదా!"

"నీకు ఫర్నెస్ వచ్చినంత వచ్చు."

శనివారం ఆమె గాలం పుచ్చుకుని సరస్సుకు వెళ్ళింది. ఇంట్లో పదకొండుమంది ఆడవాళ్ళు, ఏలకుల రొట్టె, వెర్నర్.

"వెర్నర్, కాఫీ సగమే పోశావేం?" అంది సైమి నోట సంగతంతా విన్న ఒకావిడ. "కప్పుకి ఒకవైపే చూశావా?"

పదకొండుమందీ ఒక్కసారే నవ్వారు. సాయంత్రం సైమి మూరెడు చేపతో వచ్చింది. పొలుసు ఎవరు తీశారో చెప్పనక్కర్లేదు.

అయ్యా, అమ్మా! చలికాలంలో వెచ్చటి ఇంట్లో కూర్చుని మీరు వేపిన చేప తినేటప్పుడు వెర్నర్‌ను ఒక్కసారి తలుచుకోండి. పాపం, ఇల్లు వెచ్చగానే ఉంది. అతనికే చెమటలు పడుతున్నాయి.