ఎండకు కుర్చీ వేయండి!

మొదట నా చేతిలో ఉన్నది ఒక అరుగు, దాని మీద తాటాకు చూరు. ఆ చూరు ఎంత కిందికి దిగి ఉండేదంటే, వీధిలో పోయేవారికి లోపల కూర్చున్నవారి పాదాలు తప్ప మరేమీ కనిపించేవి కావు. ఆ చీకట్లో, ఆ చల్లదనంలో పదకొండేళ్లు ధాన్యం వ్యాపారం చేశాను. ఎంత అనాగరికపు బ్రతుకో చూడండి!

నరసాపురం మహాజనులారా, మీరు ఆ పొరపాటు చేయకండి. ఇంటికి వంటిల్లు లేకపోయినా ఫరవాలేదు, అద్దాల గది ఉండాలి. అదీ ఎండకు ఎదురుగా ఉండాలి. ఎందుకంటారా? దొరలకు ఉంది కనుక! ఇంతకంటే గొప్ప కారణం కావాలనేవారు చదవడం ఇక్కడితో ఆపేయవచ్చు.

కిందటి కార్తికంలో బియ్యం బస్తాలు దింపించడానికి కాలువల ఇంజనీరు దొరగారి బంగళాకు వెళ్లాను. వరండాకు మూడు వైపులా అద్దాలు! లోపల దొరసానిగారు పేము కుర్చీలో కూర్చుని ఎండలో చలి కాచుకుంటున్నారు. ఆ అద్దాలు బిగించిన వడ్రంగి మన సామ్యేలే. ఇదేమిటని అడిగాను.

"ఆళ్ల దేశంలో ఎండ దొరకదంటండి శెట్టిగారూ. దొరికిన కాస్తా పారిపోకుండా ఇలా అద్దాలేసి పట్టుకుంటారంటండి."

"మనకు బోలెడు దొరుకుతుంది కదయ్యా?"

"ఆయ్! అందుకేనండి మనోళ్లెవరూ కట్టుకోరు."

వడ్రంగి బుద్ధి వడ్రంగిది, వ్యాపారి బుద్ధి వ్యాపారిది. సరుకు కరువైన చోటే వాళ్లు ఇంత సుఖపడుతుంటే, సరుకు నెత్తిన కుమ్మరించే చోట మనమెంత సుఖపడాలి! చెరకు పండే ఊళ్లో కదా గానుగ పెడతారు?

చూరు పీకించాను. మద్రాసు నుంచి కాకినాడ దాకా స్టీమరు మీద, అక్కడి నుంచి పడవ మీద అద్దాలు తెప్పించాను. అరుగు మీద ఎర్ర తివాచీ పరిపించాను. వార్నీషు కుర్చీలు నాలుగు. మధ్యన గుండ్రటి టేబులు, దాని మీద ఇత్తడి స్టాండులో మైనపు వత్తులు. మూలలకు క్రోటను కుండీలు. గోడకు మంచుకొండ పటం. అద్దాలకు లేసు తెరలు. మన ఊరి ఆడవాళ్లు అల్లినవే. చిల్లు ఎక్కువ, దారం తక్కువ. మాఘమాసమంతా అందులో కూర్చుని, వీధిలో పోయే ప్రతివాడూ నన్ను చూస్తున్నాడా లేదా అని చూస్తూ గడిపాను.

చైత్రం వచ్చింది. క్రోటన్లు మూడు రోజుల్లో లంక పొగాకైపోయాయి. పొగాకు ధర తెలిసినవారెవరైనా దీన్ని నష్టమంటారా? మైనపు వత్తులు వెలిగించకుండానే నడుము వంచి, వచ్చినవారికల్లా నమస్కారం పెట్టసాగాయి. మర్యాద తెలిసిన వస్తువులు! ఒకనాడు మా ఇంటావిడ తివాచీ చుట్టేసి, నేల మీద బట్ట పరిచి, మినప వడియాలు పెట్టింది.

"ఇది దొరల గదే!" అన్నాను.

"అయితే ఏంటండి? కాకి రాదు, కోతి రాదు. మీరు కట్టించినవాటిల్లో పనికొచ్చింది ఇదొక్కటే," అంది.

ఇక్కడ మా వ్యాపారం సంగతి ఒకటి చెప్పాలి. మేము బేరం నోటితో చేయం. కండువా కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని ధర తెలుపుకుంటాం. ఎవరు ఎంతకు అమ్మారో మూడో కంటికి తెలియదు. మొగల్తూరు దగ్గర పల్లె నుంచి వచ్చే పెద్దిరాజుగారికి ఇది ప్రాణంతో సమానం. రాజుగారు గాదె తీస్తున్నారంటే, పాపం ఏం అవసరం పడిందోనని ఊరు జాలిపడుతుంది. ఆ జాలి ఆయన భరించలేరు. అందుకే ఆయన నలభై పుట్ల ధాన్యమూ ఏటేటా నా చూరు కిందనే బేరమయ్యేది. నా వ్యాపారంలో సగం ఆ నలభై పుట్లే.

ఈ వైశాఖంలోనూ వచ్చారు. మిట్టమధ్యాహ్నం. గుమ్మంలో ఒక క్షణం ఆగారు కానీ, నేను చేయి పట్టి తీసుకువచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. కండువా కప్పాను. ఆయన వేళ్లు నాకు అందేలోపలే అద్దానికి అవతల పన్నెండు ముక్కులు ఆనాయి.

"రాజుగారు గాదె తీస్తున్నారర్రోయ్!"

"ఎంతకంట?"

"ఆ మోచెయ్యి చూడరా! మూడు వేళ్లు ఇచ్చినట్టున్నారు."

"శెట్టిగారి మొహం చూడు, రెండే అంటున్నారు!"

లేసు తెర లాగాను. చిల్లుల్లోంచి ఇంకా శ్రద్ధగా చూశారు. చెమట కారి కారి రాజుగారి కోరమీసం కిందికి దిగింది. ఇక లాభం లేదని లేచారు. వార్నీషు కరిగి ఉండడం వల్ల ఆయనతోపాటు కుర్చీ కూడా లేచింది. రెండడుగులు నడిచింది కూడా. బయట చప్పట్లు!

కుర్చీని వదిలించుకుని రాజుగారు మెల్లగా అన్నారు: "శెట్టిగారండీ, నేను ధాన్యం అమ్ముకుందామని వచ్చానండి. ఊరేగడానికి రాలేదండి."

"పోనీ, దొడ్డివైపు చావిట్లోకి దయచేయండి రాజుగారండీ. అక్కడ ఎవరికీ..."

"దొడ్డిదారినా? నేనా?"

ఆయన వీధి దాటి ఎదురింటి అరుగు ఎక్కారు. అది చిట్టియ్యది. అతనూ ధాన్యమే కొంటాడు. ఫ్యాషను తెలియని మనిషి.

అద్దాలు పీకించి మళ్లీ తాటాకు కప్పించుకోరాదా అని మా ఇంటావిడ రోజూ అంటోంది. కప్పించవచ్చు. కానీ దొరగారు ఏమనుకుంటారు? ఆయనకు నా ఇల్లెక్కడో తెలియదు, నా పేరూ తెలియదు. అది వేరే సంగతి.

ఇక గది వల్ల చివరికి తేలిన లాభం వినండి. కాలువలకు నీళ్లు కట్టేసి పడవలు తిరగని రోజులు కనుక రాజుగారి ధాన్యం బండ్ల మీద వచ్చింది. మూడు రోజులపాటు చిట్టియ్య గుమ్మంలో దిగింది. నేను ఎండలో కుర్చీ వేసుకుని, వడియాల మధ్య కూర్చుని అన్నీ లెక్కపెట్టాను. ఇరవై మూడు బండ్లు. మద్రాసు అద్దం ఎంత తేటగా ఉందంటే, ఒక్క బండి కూడా నా కంట పడకుండా పోలేదు!