మూడు ట్యాగుల మర్యాద

తిరువూరులోని ఒకానొక మామిడిపళ్ల కంపెనీ తన వెబ్‌సైటులో ట్యాగులు ఎక్కడ పెట్టాలన్న జటిల సమస్యను ఐదు సమావేశాల్లో, లెక్కలేనన్ని మిరపకాయ బజ్జీల సాక్షిగా పరిష్కరించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

ట్యాగంటే సైటుకి ఎంతమంది వచ్చారో, ఏ పేజీ చూశారో, ఏది నొక్కారో లెక్కపెట్టే చిన్న కోడు ముక్క. సైటు తయారుచేసిన హెప్సిబా ఈ సంగతి మొదటి సమావేశంలోనే చెప్పింది. ఎక్కువైతే సైటు నిదానమవుతుందనీ, మూడు చాలనీ అంది. అక్కడే కొంప మునిగింది. వేదిక మీద మూడే కుర్చీలున్నాయంటే మనవాళ్లు ఊరుకుంటారా?

పాపం, హెప్సిబా గుబులు వేరు. ఈ సీజన్లో సైటు మీద వంద పెట్టెలు అమ్ముడుపోకపోతే ఆమె ఉద్యోగం ఊడుతుందని ఛైర్మన్ వెంకటప్పయ్యగారు ముందే సెలవిచ్చారు.

"ఆర్డరు బటన్‌కి ఒకటి పెడదాం సార్. కొనేవాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో తెలుస్తుంది."

"బటన్‌కి మర్యాదేంటమ్మాయ్?" ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "పెద్దంతరం చిన్నంతరం ఉండక్కర్లా?"

మొదటి ట్యాగు ఛైర్మన్ సందేశానికి దక్కింది. రెండోది పెనుగొలను తోటలో నల్ల కళ్లద్దాలతో నిలబడ్డ ఆయన బావమరిది కార్తీక్ ఫోటోకి. మూడోది ఛైర్మన్ సతీమణి సుబ్బాయమ్మగారి పేజీకి. నిరుడు ఓ పెళ్లి శుభలేఖలో తన పేరు వేయలేదని ఆవిడ ఇంకా మండిపడుతున్నారు మరి.

అంతటితో ఆగితే వాళ్లు మనవాళ్లెలా అవుతారు? ఆర్డరు బటన్ నొక్కినా ముందు ఛైర్మన్ సందేశమే రావాలని కార్తీక్ పట్టుబట్టి మార్పించాడు. అక్కణ్ణుంచి పళ్ల దగ్గరికి దారి పెట్టనివ్వలేదు. "పెద్దాయన్ని చూసి వెంటనే వెళ్లిపోతే ఏం బాగుంటుంది?" అన్నాడు. హెప్సిబా మొత్తుకుంది. వింటేగా!

నెల తిరిగేసరికి ఛైర్మన్ సందేశాన్ని నాలుగు వేలసార్లు చూశారని నివేదిక వచ్చింది. ఆర్డర్లు సున్నా. ఈ అపూర్వ ప్రజాదరణను పురస్కరించుకుని ఆయనకు ఆఫీసులోనే ఘనసన్మానం జరిగింది.

సరిగ్గా అప్పుడే విస్సన్నపేట నుంచి ప్రభుదాసు మాస్టారు చేతిసంచీతో వచ్చారు.

"రెండు పెట్టెలు కావాలని పదిసార్లు నొక్కానండి. పదిసార్లూ ఈయనే వచ్చారు!"

"ఆ నాలుగు వేలసార్లూ జనం వచ్చింది పళ్లకోసమే సార్," అంది హెప్సిబా.

"విన్నారా!" ఛైర్మన్‌గారి కళ్లు చెమర్చాయి. "పళ్లకోసం వచ్చి మనిషిని చూసి తృప్తిపడి వెళ్లారు. వ్యాపారంలో ఇంతకన్నా ఏం కావాలి?" అని తన భుజాల మీది సన్మాన శాలువా తీసి మాస్టారికి కప్పారు. ఒక్క ఆర్డరైనా తేలేనందుకు హెప్సిబాను ఆ పూటే ఉద్యోగంలోంచి తీసేశారు. వెళ్లేముందు అందరికీ ఒక గ్రూపు ఫోటో తీసిపెట్టమన్నారు. తీసింది, కంపెనీ వాట్సాప్ గ్రూపులో పెట్టింది, మాస్టారికీ పంపింది, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

పళ్లు దొరకని మాస్టారు ఇంటికెళ్లే బస్సులో ఆ ఫోటో తెరిచి, ముందు తన మొహాన్ని పెద్దది చేసి చూసుకున్నారు. శాలువా బాగానే పడింది. ఫోటో తీసిన పిల్ల ఏమైందన్న ఆలోచనే ఆయనకు రాలేదు.

మీరు నవ్వకండి. మొన్న మీ గ్రూపులో ఫోటో వచ్చినప్పుడు మీరు మొదట పెద్దది చేసి చూసింది ఎవరి మొహాన్ని?