దాక్షాయణి వస్తువుల బదిలీ దరఖాస్తు

దాక్షాయణి పెద్దకర్మ అయిన మరునాడు ఆమె ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మిక్సీ మూడూ కలిసి పక్కింటి కోటిలింగం ఇంటికి బదిలీ కోరుతూ కంపెనీకి దరఖాస్తు పెట్టుకున్నాయి. దాని నకలు ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంది. ఆమె మొగుడు నాగభూషణం పొద్దున కాఫీకి పాలు తీసుకోబోయి దాన్ని చదివాడు. చదివి, పాలు తీసుకోకుండానే తలుపేశాడు.

పాలకేంద్రం కాలనీలో ఇది వింతేమీ కాదు. దీపాంకుర కంపెనీ వస్తువు కొన్న ప్రతి ఇంటికీ ఆ షరతు తెలుసు. వాడిన మనిషి పోతే వస్తువు తనకు నచ్చిన ఇంటికి పోవచ్చు. కిందటేడు హెడ్‌మాస్టరుగారి తల్లి పోయినప్పుడు ఆవిడ గ్రైండరు కోడలి చేతికింద ఉండలేనని కూతురి ఊరికి బస్సెక్కింది. కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టాలా, మనిషి టిక్కెట్టు కొట్టాలా అని కాసేపు గొడవైంది గానీ, అది వెళ్ళిపోవడం గురించి ఎవరూ నోరెత్తలేదు.

నాగభూషణానికి కూడా వస్తువులు పోతున్నాయని బాధ లేదు. ఏ హాస్టలుకో పోతామంటే సంతకం పెట్టేవాడు. పొయ్యి పొయ్యి కోటిలింగం ఇంటికి! అదే మండింది.

కోటిలింగం టెలిఫోన్ ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. దీపాంకుర అంటే ప్రాణం. ఫ్యాను, టీవీ, ఇస్త్రీపెట్టె, ఆఖరికి దోమలు కొట్టే బ్యాటు కూడా ఆ కంపెనీదే. ఏది మొరాయించినా పిట్టగోడ దగ్గరికొచ్చి, "దాక్షాయణమ్మా!" అని కేకేసేవాడు. ఆమె చేతిపని ఆపి వెళ్ళేది. ఆమెని వరసకి చెల్లెలనుకున్నాడు కాబట్టి నాగభూషణాన్ని బావగారూ అనేవాడు. ఆ మాట వినబడినప్పుడల్లా నాగభూషణం పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు.

అభ్యంతరం రాసి పంపితే కంపెనీ విచారణకి ఇస్మాయిల్ అనే సర్వీసు ఇంజనీరును పంపింది. కుర్రాడు మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి, ఫ్రిజ్‌కి నమస్కారం పెట్టి, కుర్చీ లాక్కుని దాని ఎదురుగా కూర్చున్నాడు.

"బదిలీకి కారణం ఏం రాశారు?" అని ఫ్రిజ్‌ని అడిగాడు.

ఫ్రిజ్ జవాబుగా తను దాచుకున్న సాక్ష్యం వినిపించింది. ముందు కోటిలింగం గొంతు వచ్చింది. "దాక్షాయణమ్మా, మెషీను నీళ్ళు వదలటంలేదమ్మా." తరవాత ఆమె గొంతు. "కింద చిన్న మూత ఉంటది చూడండన్నయ్యగారూ. అది తిప్పి ఫిల్టరు కడగండి. మీ జేబులో బీడీ ముక్కలన్నీ అందులోనే ఉంటయ్." "కొత్త మోడల్ తీసుకోమంటావా?" "వద్దు. దానికి సోకెక్కువ, పిండటం తక్కువ. కంపెనీ వాళ్ళు పైన అద్దం పెట్టి లోపల మోటారు తగ్గించారు. నన్నడిగితే పాతదే మారాజు." ఆపైన ఇద్దరూ నవ్వారు.

"ఆ నవ్వెవరిది?" అన్నాడు నాగభూషణం.

"మేడంగారిదే సార్."

నాగభూషణం కుర్చీలో వెనక్కి వాలాడు. ఆమెకి నవ్వు ఉండటం ఒక ఎత్తు. అభిప్రాయాలు ఉండటం ఇంకో ఎత్తు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె తన దగ్గర ఒక్క అభిప్రాయం కూడా బయటపెట్టలేదు. కూరలో ఉప్పు ఎట్లా ఉందని కూడా తనే చెప్పేవాడు. ఉన్నవన్నీ గోడవతలికే పంచిపెట్టిందన్నమాట. వంట మిగిలితే పనిమనిషికి పెట్టినట్టు కూడా కాదు, పండగ వంటంతా అటే పంపింది.

"ఇవి ఇక్కడే ఉండాలంటే ఏం చెయ్యాలో చెప్పు" అన్నాడు.

"చిన్న పరీక్ష సార్. మేడంగారిని మీరు పిలిచినట్టు ఒకసారి పిలవండి. వస్తువులు గుర్తుపడితే దరఖాస్తు కొట్టేస్తాం."

నాగభూషణం గొంతు సవరించుకుని, "దాక్షాయణీ!" అన్నాడు.

మిక్సీ కదల్లేదు. ఫ్రిజ్‌లో లైటు కూడా వెలగలేదు. ఇస్మాయిల్ చేతిలో యంత్రం చూసుకున్నాడు.

"ఈ గొంతుతో ఈ పేరు ఎక్కడా నమోదు కాలేదు సార్."

"నా పెళ్ళాం పేరు నాకు రాదంటావా ఏందయ్యా?"

"వచ్చు సార్. వాడలేదంతే. మామూలుగా ఎట్లా పిలిచేవారు?"

నాగభూషణం కిటికీ వైపు చూశాడు. అవతల కోటిలింగం తులసికోటకి నీళ్ళు పోస్తున్నట్టు నటిస్తున్నాడు. గొంతు తగ్గించి, "ఏమే" అన్నాడు.

మూడు వస్తువుల్లోనూ ఎర్రదీపాలు టక్కున వెలిగాయి.

"చూశావా!" అన్నాడు నాగభూషణం లేచి నిలబడి.

"ఇది నమోదైంది సార్. చాలా ఎక్కువసార్లు నమోదైంది" అన్నాడు ఇస్మాయిల్. "కాకపోతే పేర్ల గడిలో లేదు. చప్పుళ్ళ గడిలో ఉంది. కుక్కరు విజిలు, కాలింగ్ బెల్లు, తరవాత ఇదీ."

అప్పుడు రూలు ప్రకారం అవతలివారికి కూడా అవకాశం ఇచ్చారు. కోటిలింగం చేతులు తుడుచుకుంటూ గోడ దగ్గరికి వచ్చాడు. మొహమాటపడ్డాడు. "పోయిన మనిషిని పిలవడమేంది బాబూ" అన్నాడు. ఇస్మాయిల్ తప్పదన్నాక కళ్ళు మూసుకుని, "దాక్షాయణమ్మా!" అన్నాడు.

ఫ్రిజ్ తలుపు తెరుచుకుంది. వాషింగ్ మెషీన్ ఖాళీగానే గిరగిరా తిరిగింది. మిక్సీ జారు దానంతటదే బిగుసుకుంది. మూడూ ప్లగ్గులు పీక్కుని, తీగలు చుట్టుకుని, వరసగా గడపదాకా వచ్చి ఆగాయి. కోటిలింగం భార్య సరోజిని వాకిట్లోకి వచ్చి చూసి, "ఇవన్నీ నా నెత్తిన పెట్టుకోనా? ముందు ఆ దోమల బ్యాటు ఎక్కడుందో వెతుకు!" అని మొగుణ్ణి కసిరింది. కానీ మిక్సీ వైపు చూసిన చూపులో ఆశ ఉంది. నాగభూషణం అది కనిపెట్టాడు.

"ఇంకో దారి లేదా?" అన్నాడు.

"ఉంది సార్. ఆయన పిలిచినప్పుడు ఇంట్లోంచి ఎవరన్నా పలికితే, మనిషి ఇంట్లోనే ఉన్నట్టు లెక్క. అప్పుడు బదిలీ చెల్లదు. పొద్దున ఒకసారి పలికితే ఆ రోజుకి చాలు."

"ఎవరు పలకాలి?"

"ఎవరైనా సార్. పేరుకి పలికితే చాలు. మేడంగారు పలికినట్టు పలకాలి."

నాగభూషణం గడపలో ఉన్న మిక్సీని చూశాడు. దాని మూత మీద పచ్చడి మరక ఉంది. ఆమె వేలి గుర్తు కూడా ఉండొచ్చు. రేపటినుంచి దాంట్లో కోటిలింగం ఇంటి గోంగూర రుబ్బుతారు. దాన్ని తిని కోటిలింగం భలే ఉందంటాడు.

"మళ్ళీ పిలవమను" అన్నాడు.

"దాక్షాయణమ్మా!"

"ఆఁ, చెప్పండన్నయ్యగారూ" అన్నాడు నాగభూషణం.

మూడూ వెనక్కి తిరిగి ఎక్కడివక్కడ సర్దుకున్నాయి. ఇస్మాయిల్ దరఖాస్తు మీద కొట్టివేత గీత గీసి, వస్తువులకి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. నాగభూషణం ఆ పూట కోటిలింగం వైపు చూసి మీసం దువ్వుకున్నాడు. గెలిచాడు.

రోజూ పొద్దున పిలుపు వచ్చేది. పలికేవాడు. పలికి ఊరుకుంటే కుదిరేది కాదు. కోటిలింగం పిలిచాక ఏదో ఒకటి అడిగేవాడు, ఇస్త్రీపెట్టె బట్టకి అంటుకుంటోందనో, టీవీలో గీతలొస్తున్నాయనో. చెప్పకపోతే మిక్సీ తీగ చుట్టుకోవడం మొదలెట్టేది. అందుకని నాగభూషణం కంపెనీ ఇచ్చిన పుస్తకాలన్నీ చదివాడు. ఫిల్టర్లు విప్పి కడగడం నేర్చుకున్నాడు. ఆమె వంట నేర్చుకున్నాడు, ఫ్రిజ్ లోపల ఆమె పెట్టినట్టు పెట్టకపోతే తలుపు పడేది కాదు కాబట్టి. పని తెమలక పేపరు మానేశాడు.

కొన్నాళ్ళకి కంపెనీ రికార్డులు సరిచూసుకుంది. ఆ ఇంట్లో ఒక మనిషి వాడకమే కనబడుతోంది. దాక్షాయణి పేరుకి మనిషి పలుకుతోంది. నాగభూషణం అని ఎవరూ పిలవడం లేదు, ఆ పేరుకి ఎవరూ పలకడం లేదు. కాబట్టి పోయినది నాగభూషణం అని దిద్దారు. మున్సిపాలిటీ కంపెనీ రికార్డునే అనుసరిస్తుంది గనక మరణ ధ్రువపత్రం మార్చి పంపింది. రేషన్ షాపులో అతని వేలిముద్ర కూడా దాక్షాయణి పేరుతోనే పడింది. సరోజిని పసుపు కుంకుమ తేలేదు గానీ, గిన్నెడు పులిహోర పట్టుకొచ్చి, "గుండె దిటవు చేసుకో వదినా" అంది. గిన్నె కడిగి ఇచ్చాడు.

ఇంటి పెద్ద పేరు ఖాళీ అయ్యాక వాషింగ్ మెషీన్‌కి ఒక సమస్య వచ్చింది. బట్టలు పిండటం అయిపోతే పిలవాలి. దానికి ఎవరి పేరూ పెట్టి పిలిచే అధికారం లేదు. చప్పుళ్ళ గడి తెరిచి, ఇంట్లో మనిషి ఏ చప్పుడుకి తొందరగా లేచేదో చూసి, దాన్నే ఎంచుకుంది. ఫ్రిజ్, మిక్సీ కూడా అదే తీసుకున్నాయి. ఆ గొంతు నాగభూషణానిదే. మొదట్లో విని ఉలిక్కిపడేవాడు. తరవాత లేవడం మొదలెట్టాడు.

ఒక మధ్యాహ్నం కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది.

"నమస్తే మేడమ్. మా వస్తువుల మీద మీ అభిప్రాయం కోసం చేశాం. ఏమన్నా ఇబ్బందులున్నాయా?"

అతను పీట మీద కూర్చున్నాడు. పొద్దున్నుంచి కూర్చోవడం అదే మొదలు. ఇబ్బందులున్నాయి. నడుం పడిపోతోంది. తిన్నావా అని అడిగే దిక్కు లేదు. తన పేరు తనకే పరాయిగా ఉంది. ఇవన్నీ వరసగా చెప్పాలని నోరు తెరిచాడు.

"ఏమే!" అంది వాషింగ్ మెషీన్. "ఏమే! ఎక్కడ చచ్చావ్?"

"మేడమ్, లైన్లో ఉన్నారా? ఇబ్బందులేమన్నా..."

"ఏం లేవండీ" అన్నాడు లేస్తూ. "అంతా బాగానే ఉంది."

అవతల అమ్మాయి సంతోషంగా పూర్తి సంతృప్తి అని రాసుకుని, జాబితాలో తరవాత ఉన్న ఇంటికి ఫోన్ కలిపింది. ఆ రోజు పాలకేంద్రం కాలనీలో ఆమె అందరు ఆడవాళ్ళతోనూ మాట్లాడింది. ఇబ్బంది ఉందన్నవాళ్ళు ఒక్కరూ లేరు.