పొయ్యి వెలిగించక్కర్లేని పై

ఆడవాళ్లకు వంటింటి చాకిరీ తప్పాలంటే ఇంటింటా మూడు పొరల చాక్లెట్ పీనట్ బటర్ పై అనే తీపి వంటకం చేయాలి. ఇది నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి!

బేకరీలో దొరుకుతుంది కదా అంటారా? కొన్నదానికి అట్టపెట్టె పారేస్తే పని అయిపోతుంది. ఇల్లంతా ఏకం కావాలంటే ఇంట్లోనే చేయాలి!

మొన్న ఆదివారం మా ఇంట్లో ఆ శుభకార్యం జరిగింది. మనవరాలు ఫోనులో రెసిపీ పట్టుకొచ్చింది. "నానమ్మా, పొయ్యే వెలిగించక్కర్లేదు! పది నిమిషాల పని!"

కోడలు నా భుజాలు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. "అత్తయ్యా, ఇవాళ మీరు పూచికపుల్ల కూడా కదపొద్దు. అంతా మేమే."

నా ఆనందం ఏమని చెప్పను! మా ఆయన పోయాక, తల నెరిశాక అక్షరాలు దిద్దినదాన్ని. ఆ సాయంత్రం మా పెద్దల చదువు క్లాసులో అందరి ముందూ పాఠం చదివే వంతు మొదటిసారి నాది. కూర్చున్నచోటే సాధన కోసం పుస్తకం తెరిచాను.

మొదటి పొరకు బిస్కెట్లు పొడి చేయాలి. మా అబ్బాయి మిక్సీ చిన్న జారులో వేశాడు, పట్టలేదు. పెద్ద జారులో వేశాడు, తిరగలేదు. చివరికి చెంబుతో దంచాడు. మగవాడు వంటింట్లో చెమటోడ్చడం ఇంతకుముందు ఎవరైనా చూశారా?

రెండో పొర పీనట్ బటరూ, క్రీమూ. ఒక గిన్నెలో ఉండ కట్టిందని ఇంకో గిన్నె, అది చాలలేదని మరొకటి. బీటరు తిప్పితే గోడ గడియారం మీద కూడా ఒక పొర పడింది. పాపం, అప్పట్నుంచి అది కాస్త బద్ధకంగా నడుస్తోంది.

మూడో పొర చాక్లెట్. మైక్రోవేవ్‌లో కరిగిస్తే ఒకసారి మాడింది, ఒకసారి గడ్డ కట్టింది, ఇంకోసారి కుదిరింది. రుచి చూసిన ప్రతిసారీ కొత్త స్పూను! శుభ్రత అంటే అదీ!

పైని ఫ్రిజ్‌లో పెట్టి, అలిసిపోయారు కదా, ముగ్గురూ నడుం వాల్చడానికి వెళ్లారు. సింకులో గిన్నెలు కుళాయి ముక్కును తాకుతున్నాయి.

గుమ్మం దగ్గర కోడలు ఆగింది. "ఎలాగూ ఖాళీయే కదా అత్తయ్యా, ఆ నాలుగు గిన్నెలూ కాస్త చూడండి. ఒక్కరోజు క్లాసు మానేస్తే కొంపలేం మునగవు."

చూశాను. చూడమంది కాబట్టి బాగా చూశాను. తర్వాత కళ్లజోడు పెట్టుకుని, మనవరాలు బల్ల మీద వదిలేసిన ఫోనులో రెసిపీ కూడా మొదట్నుంచి చివరిదాకా కూడబలుక్కుని చదివాను. సంచి భుజాన వేసుకుని క్లాసుకు వెళ్లిపోయాను.

రెండు చోట్ల తడబడ్డాను గానీ, పాఠం పూర్తిగా చదివాను.

ఇంటికొచ్చేసరికి ముగ్గురూ పై చుట్టూ నిలబడి ఉన్నారు. అద్దంలా నిగనిగలాడుతోంది, ఎవరూ ముట్టుకోలేదు.

"అమ్మా, ఇంట్లో ఒక్క ప్లేటు లేదు! కత్తి లేదు! స్పూనైనా లేదు!" అన్నాడు మా అబ్బాయి.

"ఏం చేయను నాన్నా? కొత్తగా చదువు నేర్చినదాన్ని, రాసి ఉన్నదే చేస్తాను. రెసిపీలో గిన్నెలు కడగమని ఎక్కడా లేదు. 'కదపకుండా వదిలేయండి' అని మాత్రం మూడుసార్లు ఉంది. వదిలేశాను."

కోడలు మెల్లగా చేతులు పైకి మడుచుకుని సింకు వైపు నడిచింది.

కాబట్టి అమ్మలారా, ఇంట్లో తప్పకుండా పై చేయించండి. కాకపోతే బయటికి వెళ్లే ముందు, నాలాగే, ఒక శుభ్రమైన స్పూను సంచిలో వేసుకోండి.