తోకకొవ్వు, కార్జం

పొగగొట్టంలోంచి వచ్చే వాసన పట్టి ఏ ఇంట్లో ఏం వండారో చెప్పగల మనిషి సరీ-ఓజెక్ ఊళ్ళో ఒక్కడే, ఎసెన్‌గెల్ది. ధాన్యం గిడ్డంగిలో తూకాలు వేస్తాడు. సాయంత్రం పని దిగి ఇంటికి నడుస్తుంటే ఫలానా ఇంట్లో గుర్రం పక్కటెముకలు, ఫలానా ఇంట్లో గొర్రె మెడ అని లెక్క తేల్చేవాడు. సొంత గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆ విద్యతో పని ఉండేది కాదు. ఆ ఇంట్లో నాలుగేళ్ళుగా రాత్రి భోజనం ఒకటే, గ్రేచ్కా. గోధుమరంగు గింజలు, నీళ్ళు, పొయ్యి. ఉప్పు మాటెత్తితే ఆయన భార్య కుల్పాష్ గోడకి అంటించిన డాక్టరు కాగితం చూపించేది.

నెత్తుట్లో కొవ్వు పేరుకుంది, మాంసం తగ్గించమని డాక్టరు ఆ కాగితంలో రాశాడు. రాసినాయన ఆ మర్నాడే మరిచిపోయి ఉంటాడు. కుల్పాష్ మరవలేదు. మాంసం పెట్టెకి తాళం వేసి చెవి నడుముకి కట్టుకుంది. స్నానానికి వెళ్ళినా చెవి వెంటే వెళ్ళేది.

"ఏమే, నేను పోయాక నా పేరు చెప్పి గొర్రెను కోస్తావు కదా?" అన్నాడు ఒకరోజు గింజలు నములుతూ.

"కోస్తాను. ఊరంతటికీ పెడతాను."

"అందులో నా వాటా ఇప్పుడే పెట్టెయ్యరాదూ."

"ముందు పో. ఆ తరవాత డాక్టరు కూడా కాదనడు."

ఇలాంటి కొంపలో ఆయన ప్రాణం నిలబడిందంటే కూతురి వల్లే. మరాల్‌కి ఇరవై ఎనిమిదేళ్ళు, పోస్టాఫీసులో ఉద్యోగం. భోజనానికి కూర్చునే ముందు కూజాతో తండ్రి చేతుల మీద నీళ్ళు పోసేది, తుడుచుకోవడానికి తువ్వాలు ఇచ్చేది. ఆ తువ్వాలు మడతలో వేలెడంత కజీ ఉండేది. గుర్రపు పేగులో మాంసం, కొవ్వు కూరి ఆరబెట్టి ఉడికించిన ముక్క. ఎసెన్‌గెల్ది దాన్ని గుప్పిట్లో పెట్టుకుని, కుక్కని చూసొస్తానని వరండాలోకి వెళ్ళి, కళ్ళు మూసుకుని తినేవాడు. పైతోలు కుక్కకి వేసేవాడు. అందువల్ల ఆ కుక్క కూడా భోజనం వేళకి తప్పకుండా హాజరయ్యేది.

ఆ వేలెడు ముక్క కోసం ఆయన చేసిన పని చెప్పుకోవడానికి బాగుండదు గాని చెప్పాలి. మరాల్‌కి వచ్చిన సంబంధాలు మూడు వెనక్కి పంపాడు. మొదటివాళ్ళతో పిల్లకి పరీక్షలున్నాయన్నాడు. రెండోవాళ్ళతో ఇంటికి రంగులు వేయించాలన్నాడు. మూడోసారి కాలవ అవతల ఉండే ముకాష్, తన కొడుకు దౌలెన్‌కి పిల్లనడగమని ఒక పెద్దమనిషిని పంపితే, వసంతం రానీ చూద్దాం అన్నాడు. ఆ తరవాత రెండు వసంతాలు వచ్చి వెళ్ళాయి. చూద్దామన్నవాడికి అది గుర్తులేదు. అనిపించుకున్నవాళ్ళకి గుర్తుంది.

నాలుక ఒకసారి రుచి మరిగాక వేలెడు ముక్కతో ఊరుకోదు. అతిథి తింటుంటే ఇంటాయన కూడా తినడం మర్యాద కదా, అతిథులనే పిలుద్దామనుకున్నాడు ఎసెన్‌గెల్ది. గిడ్డంగి నుంచి తోటి ఉద్యోగిని వెంటబెట్టుకొచ్చాడు. కుల్పాష్ మర్యాదలో లోటు చెయ్యలేదు. పెద్ద పళ్ళెం నిండా మాంసం పెట్టి, పక్కన కూర్చుని, డాక్టరు కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించింది. అతిథి జాలిగుండె మనిషి. కన్నీళ్ళు పెట్టుకుని కొవ్వు ముక్కలన్నీ తన వైపు లాక్కున్నాడు.

కబురు ఊరంతా పాకింది. ఆ నెలలో ఒక పెళ్ళికి వెళితే అందరికీ మాంసం పళ్ళేలు వచ్చాయి, ఎసెన్‌గెల్దికి మాత్రం మూత పెట్టిన చిన్న గిన్నె వచ్చింది. మూత తీస్తే గ్రేచ్కా. మీ కోసం విడిగా వండించామన్నారు. అంతమంది ముందు ఆయన థాంక్స్ చెప్పి తిన్నాడు. ఆ రోజు ఆయనకి నిజంగా ఏడుపొచ్చింది.

ఈసారి పకడ్బందీగా చెయ్యాలనుకున్నాడు. అప్పుడే కుల్పాష్ టీ పోస్తూ, పాపం ముకాష్ పళ్ళన్నీ పీకించుకున్నాడట, కట్టుడుపళ్ళు ఇంకా రాలేదట అని ఎవరితోనో అన్నట్టు అంది. ఎసెన్‌గెల్ది బుర్రలో దీపం వెలిగింది. పళ్ళు లేనివాడు ఎంత తింటాడు? మిగిలినదంతా తనదే. మర్నాడే గొర్రెను తెచ్చి, ముకాష్‌నీ వాళ్ళావిడనీ పిలిచాడు. గొర్రెను కొయ్యడానికి సాయం కావాలి, కొడుకుని కూడా తీసుకురమ్మన్నాడు. పిలుస్తుంటే ముకాష్ తన చెయ్యి ఎందుకంత గట్టిగా పట్టుకున్నాడో ఆయన ఆలోచించలేదు.

కొయ్యడం అయ్యాక కూతుర్ని పెరటి వంటింట్లోకి పిలిచి గుసగుసగా చెప్పాడు. గొర్రె తోక దగ్గర ముద్దకట్టే తోకకొవ్వు, కార్జం విడిగా ఉడికించి, పల్చగా కోసి, రెండూ కలిపి పులిసిన మజ్జిగ పోసి, పై అరలో దాచాలి. అందరూ భోజనాల్లో ఉండగా తను కుక్కని చూడ్డానికి వస్తాడు.

మరాల్ చేతిలో కత్తి ఆగిపోయింది.

"తోకకొవ్వు, కార్జం... కలిపేనా నాన్నా?"

"కలిపేనమ్మా."

"ముకాష్ వాళ్ళు ఇంట్లో ఉండగానా?"

"ఉంటే ఏం? చెప్పినట్టు చెయ్యి."

కొవ్వూ కార్జమూ కలిపి పెట్టేది వియ్యంకులకేనని, అది తిన్నాక పెళ్ళిమాట వెనక్కి పోదని ఆయనకి తెలియక కాదు. తలుపు గొళ్ళెం పెట్టుకుని ఒంటరిగా తినేవాడికి వియ్యంకుడెక్కణ్ణుంచి వస్తాడని ఆయన ధీమా. మరాల్ కాసేపు తండ్రి మొహం చూసి, అమ్మని ఒకమాట అడిగొస్తానని వెళ్ళింది. మజ్జిగ గురించి కాబోలు అనుకున్నాడు.

భోజనాలు మొదలయ్యాయి. ముకాష్ బోసినోటితో పులుసు తాగుతున్నాడు. పాచిక పారిందని మురిసిపోతూ ఎసెన్‌గెల్ది కుక్కని చూసొస్తానని లేవబోయాడు. ఇంతలో కుల్పాష్ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. ఆమె చేతుల్లో, పై అరలో దాచమన్న ఆ కొవ్వూ కార్జం పళ్ళెమే ఉంది.

"కూర్చో. ఎక్కడికి పోతావు?" అంది. తరవాత ముకాష్ వైపు తిరిగి, "మా ఆయన ఈ మాట నోటితో చెప్పలేక రెండేళ్ళు మొహమాటపడ్డాడు. ఇవాళ తనే దగ్గరుండి ఇది చేయించాడు" అంది.

ముకాష్ భార్య తలగుడ్డ కొసతో కళ్ళొత్తుకుంది. దౌలెన్ చెవులు ఎర్రబడ్డాయి. ముకాష్ లేచి వచ్చి ఎసెన్‌గెల్దిని కౌగిలించుకుని, "బావగారూ, వసంతం ఆలస్యమైనా వచ్చింది" అన్నాడు.

ఎసెన్‌గెల్ది ఆ చేతుల్లో ఇరుక్కుపోయాడు. ఇది మీ కోసం కాదు, దొంగతనంగా నేనొక్కణ్ణే తిందామని చేయించుకున్నాను అని ఆ కౌగిలిలో ఎలా చెప్పడం? మరాల్ వైపు చూశాడు, ఆమె కాదంటుందేమోనని. మరాల్ తల దించుకుని నేలకేసి చూస్తూ నవ్వుతోంది. అలాంటి నవ్వు ఆ ఇంట్లో చూసి ఎన్నాళ్ళయిందో ఆయనకి గుర్తురాలేదు.

కుల్పాష్ తన చేత్తో ముకాష్‌కి ఒక ముక్క పెట్టింది. పళ్ళు లేకపోయినా వెన్నలా దిగిపోయింది. వాళ్ళావిడకి పెట్టింది. ఆఖరికి మొగుడి దగ్గరికి వచ్చి, కొవ్వు ముక్క మీద కార్జం ముక్క పెట్టి, నోటి ముందుకి తెచ్చింది. నాలుగేళ్ళ తరవాత భార్య తన చేత్తో కొవ్వు పెడుతోంది. మింగితే కూతురు వెళ్ళిపోతుంది. ఉమ్మితే పరువు పోతుంది. ఎసెన్‌గెల్ది నోరు తెరిచాడు.

చాలా బాగుంది. ఆ సంగతే ఆయన తరవాత తనని తాను క్షమించుకోలేకపోయాడు. పళ్ళెంలో మిగిలిన మజ్జిగా కొవ్వూ ఆచారం ప్రకారం ఆడవాళ్ళు వియ్యంకుల మొహాలకి పూశారు. ఎసెన్‌గెల్ది గడ్డం మీంచి కొవ్వు కారుతోంది. అందరూ నవ్వుతున్నారు కాబట్టి ఆయన కూడా నవ్వాడు.

పెళ్ళి అయింది. మరాల్ కాలవ అవతలికి వెళ్ళింది. మొదటి రోజు రాత్రి భోజనానికి కుల్పాషే కూజాతో నీళ్ళు పోసి తువ్వాలు ఇచ్చింది. అలవాటు కొద్దీ ఆయన వేళ్ళు మడతలు తడిమాయి.

"కజీ కోసమా?" అంది కుల్పాష్.

ఆయన గతుక్కుమన్నాడు. "నీకు తెలుసా?"

"తాళం చెవి నా నడుమున ఉంటే పిల్ల ఎక్కణ్ణుంచి తెస్తుందయ్యా? వేలెడు ముక్కయితే పరవాలేదని డాక్టరు అన్నాడు. రోజూ నేనే కోసి దాని చేతికిచ్చేదాన్ని."

"నువ్వే ఇవ్వొచ్చుగా."

"నేనిస్తే ఇంకోటి అని పేచీ పెడతావు. దొంగతనంగా అయితే ఒక్కదానితో నోరు మూసుకుంటావు." కుల్పాష్ కూజా కింద పెట్టింది. "దానికోసం పిల్లని ఇంట్లో కట్టేసుకుంటావని నాకేం తెలుసు. మూడో సంబంధం వెనక్కి పంపాకగాని నాకు అర్థం కాలేదు. అందులో నా తప్పూ ఉంది."

ఎసెన్‌గెల్ది లెక్క వేసుకున్నాడు. ఎప్పుడో అత్తింటికి వెళ్ళాల్సిన పిల్లని ఆపుకున్నాడు. ఏ ముక్క కోసం ఆపాడో అది పిల్ల ఉన్నా లేకపోయినా తనకి దొరికేదే. జీవితమంతా తూకాలు వేసినవాడు ఈ తూకం తప్పాడు.

"మరి ఇవాళ?" అన్నాడు, సిగ్గుపడుతూనే.

"ఇవాళ కొయ్యబుద్ధి కాలేదు." ఆమె తన గిన్నె ముందుకి లాక్కుంది. అందులోనూ గ్రేచ్కాయే. నాలుగేళ్ళుగా ఆమె కూడా అదే తింటోందని ఆయన అప్పుడే చూశాడు.

కుక్కని చూసొస్తానని వరండాలోకి వెళ్ళాడు. కాలవ అవతల ముకాష్ ఇంటి పొగగొట్టంలోంచి పొగ లేస్తోంది. గొర్రె పక్కటెముకలు, ఉల్లిపాయ ఎక్కువ. మరాల్ చెయ్యే.

కుక్క లేచి వచ్చి తోక ఊపుతూ కాళ్ళ దగ్గర నిలబడింది. ఎసెన్‌గెల్ది రెండు అరచేతులూ విప్పి చూపించాడు.

"ఏం లేదురా. దానికి పెళ్ళయిపోయింది" అన్నాడు.

కుక్క నమ్మలేదు. ఆ చేతులు రెండూ నాకి చూసి, వెళ్ళి పడుకుంది. లోపలి నుంచి కుల్పాష్, చల్లారిపోతోంది రమ్మని పిలిచింది.